కట్టెలు ఎవరు తెచ్చారు

నా భార్య చనిపోయి నేటికి పదహారు రోజులు. ఆ రోజు ఏం జరిగిందో ముందు రాస్తాను.

ఆ రోజు డుంబ్రిగుడ సంత. తెల్లవారేసరికే జీపులు మా ఇంటి ముందునుంచి వెళ్తున్నాయి. ఆరింటికి ఆమె లేచింది. కిటికీ తియ్యమంది. చలి అన్నాను. మంచు చూస్తానంది. తీశాను. ఎదురుగా కాఫీ తోట కనబడలేదు. సిల్వర్ ఓక్ చెట్ల చివరి కొమ్మలు మాత్రం కనబడ్డాయి. కాసేపు చూసి ఇక చాలంది. చోడి అంబలి నాలుగు చెంచాలు తాగింది. మూత్రపిండాలు పనిచెయ్యడం మానేశాయని, ఇక ఇంట్లోనే ఉంచుకోమని విశాఖ డాక్టర్లు చెప్పి అప్పటికి నెల దాటింది. విషయం ఇద్దరికీ తెలుసు. మాట్లాడుకోవలసింది ముందే మాట్లాడుకున్నాం. అంతా మాట్లాడేసుకున్నామనే అనుకున్నాను.

ఎనిమిదింటికి డబ్బా తెమ్మంది. అది పాత బిస్కెట్ల రేకు డబ్బా. ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాళ్ళు తమ సందేహాలు చీటీల మీద రాసి అందులో వేస్తారు. రెండు చీటీలు, ఒక పుల్ల ఉన్నాయి. పుల్ల సంగతి తర్వాత చెబుతాను. చీటీలు చదివి వినిపించాను. మొదటిదానికి కళ్ళు మూసుకునే జవాబు చెప్పింది. నేను ఆ చీటీ వెనకే రాసుకున్నాను. రెండోదానికి "తెలీదు" అంది. ఆ మాట అనవలసివస్తే లేచి నిలబడి అనడం ఆమె అలవాటు. ఆ రోజు లేవలేక చెయ్యి కొంచెం పైకెత్తింది.

తర్వాత నావైపు చూసింది.

"మాష్టారూ, మీ చీటీ ఏదీ?"

"నాకేం సందేహాలున్నాయి" అన్నాను.

ఆమె డబ్బా మూత పెట్టమంది.

పది దాటాక కాళ్ళు చల్లబడుతున్నాయంది. మంచం పక్కన కుంపటి ఆరిపోవచ్చింది. అందులో వెయ్యడానికి వంటింటి పొయ్యిలో నిప్పులు లేవు, లోపల పెట్టుకున్న కట్టెలు అయిపోయాయి. అంతలో మా ఆదివారం కూటానికి వచ్చే ముసలామె ఒకామె సంతకు వెళ్తూ లోపలికి తొంగిచూసింది. వచ్చి మంచం పక్కన కూర్చుంది. "నానున్నాను. నువ్వెళ్ళి బేగి కట్టెలట్టుకురా బాబూ" అంది. పెరట్లోకి వెళ్ళి మూడు కట్టెలు తీసుకుని వచ్చాను. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. వచ్చేసరికి అయిపోయింది. ముసలామె ఆమె చెయ్యి పట్టుకునే ఉంది.

ఆఖరున ఏమైనా అందా అని అడిగాను.

"ఆయనేరి మామ్మా అంది. కట్టెలకెళ్ళేడమ్మా అన్నాను. నవ్వినాది. అంతే బాబూ."

కట్టెలు గుమ్మం పక్కన పెట్టాను.

ఆ మాటకు ఆమె ఎందుకు నవ్విందో నాకు తెలుసు. అది తెలిసినవాళ్ళు మొత్తం పన్నెండు మంది ఉంటారు. ఇంకొంతమందికి తెలియాలని ఇది రాస్తున్నాను.

*

ఇది చదివేవారిలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు ఉండవచ్చు. కింద మైదానంలో ఒక డిగ్రీ కాలేజీలో ఆమె చాలా ఏళ్ళు తర్కం, తత్వశాస్త్రం చెప్పింది. వాళ్ళకు ఆమె క్లాసులో తెలుసు. నాకు ఇంట్లో తెలుసు. రెండుచోట్లా మనిషి ఒక్కటే.

ఆమె హుకుంపేట అవతల కొండమీది చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రి పోడులో సామలు, చోళ్ళు పండించేవాడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేవాడు. ఆ ఊరినుంచి విశాఖ వెళ్ళి ఎం.ఏ. చదివిన మొదటి మనిషి ఆమె. ఫిలాసఫీ తీసుకుందని తెలిసి తండ్రి బస్సెక్కి హాస్టలుకు వచ్చాడట. ఆ చదువు చదివితే దేవుడు లేడంటారని ఎవరో ఆయన చెవిన వేశారు. ఆమె ఆయన్ని టీ దుకాణం బల్ల మీద కూర్చోబెట్టి చెప్పిన మాట నాకు చాలాసార్లు చెప్పింది.

"దేవుడున్నాడా నేడా అని ఆళ్ళు అడిగేరు నాన్నా. మనం అడగనేదు. అడిగినోళ్ళ పక్కన కూకోడానికి మనకి ఏటి భయం?"

తండ్రి టీ పూర్తిగా తాగేదాకా ఆలోచించి, "కూకో. ఆళ్ళింట్లోనే ఉండిపోకు" అన్నాడట. ఆమె జీవితమంతా ఆ రెండు మాటల మధ్యే నడిచిందని ఇప్పుడు అనిపిస్తుంది.

నేను అరకు బజారులో ఉప్పు, సబ్బులు, చీరలు అమ్మిన వ్యాపారి కొడుకుని. మావాళ్ళు విజయనగరం వైపునుంచి కొండెక్కి వచ్చినవాళ్ళు. లెక్కలు చదివాను, హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఆమె నన్ను మాష్టారూ అని పిలిచేది అందుకే. పరిచయం విశాఖలో. పెళ్ళికి మా నాన్న ఒప్పుకోలేదు, రాలేదు. వాళ్ళ నాన్న ఒక్కటే అడిగాడు, బాప్తిస్మం. జనవరిలో వాళ్ళ ఊరి గెడ్డలో ఇచ్చారు. నడుములోతు నీళ్ళు. నమ్ముతున్నావా అని అప్పటి పాస్టరు అడిగాడు. నమ్ముతున్నాను అన్నాను. ముంచి లేపాడు. ఒడ్డున ఆమె తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది.

నేను నమ్మలేదు. ఆ ప్రశ్న నేనెప్పుడూ వేసుకోనే లేదు. ఆమె కావాలి కాబట్టి ఆ మాట అన్నాను. ముప్పైనాలుగేళ్ళు ఆ మాట మీదే ఆమె వెంట చర్చికి వెళ్ళాను. ఆమెకు తెలియదనుకున్నాను. తెలిస్తే బాధపడుతుందని చెప్పలేదు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరమే. ఇద్దరి మధ్యా దాచిన సంగతి అదొక్కటే.

*

ఇద్దరం రిటైరయ్యాక డుంబ్రిగుడ దగ్గర అర ఎకరం కాఫీతో చిన్న ఇల్లు తీసుకున్నాం. ఆదివారం కూటం ఆమె మొదలుపెట్టింది. చర్చి అయ్యాక పది పన్నెండు మంది మా ఇంటికి వచ్చేవారు. కాఫీ రైతులు, ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు, టైడాలో రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన ఒకాయన, ముసలామె. విశాఖలో చదువుకుంటున్న వీళ్ళ పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు అడిగే ప్రశ్నలకు వీళ్ళ దగ్గర జవాబు లేక, కోప్పడి ఊరుకునేవారు. ఆమెకు అది నచ్చలేదు. అడగనివ్వని నమ్మకం గోడకు తగిలించిన క్యాలెండరు లాంటిదనేది. ఏడాది మారితే తీసి అట్టలేసుకుంటారు.

పడమటి దేశాల తత్వవేత్తలు ఏమన్నారో ఒక్కొక్కరినీ తీసుకుని చెప్పేది. పేర్లు చెప్పేది కాదు. పేర్లు నోరు తిరగక అందరూ అక్కడే ఆగిపోతున్నారని మొదటివారమే గమనించింది. కాబట్టి ఒకాయన పొయ్యిగది ఆయన, ఒకాయన గడియారం ఆయన, ఒకాయన శుక్రవారం ఆయన. "ఆళ్ళని దేవుళ్ళని సెయ్యొద్దు, దెయ్యాల్నీ సెయ్యొద్దు. పొరుగూరు పెద్దమనుషులు. కూకోబెట్టి కాఫీ ఇచ్చి ఏటంటన్నారో ఇందాం" అని చెప్పింది. కాలేజీలో ఆమె మాట వేరుగా ఉండేది. కొండెక్కాక వాళ్ళ నాన్న మాట తిరిగి వచ్చేసింది.

నియమాలు రెండే. ఎవరి చీటీ మొదట చదివితే వాళ్ళకు మొదటి గ్లాసు కాఫీ. జవాబు తెలియనివాళ్ళు లేచి నిలబడి తెలీదని చెప్పాలి, కీర్తనకు నిలబడినట్టు. అందరికన్నా ఎక్కువసార్లు నిలబడింది ఆమే.

కాఫీ నాది. మా తోట గింజలే. నేను గ్లాసులు కడిగి వేడినీళ్ళతో తొలిపి పోసి ఇచ్చి వంటింటి గుమ్మంలో నిలబడేవాణ్ణి. లోపల కూర్చోలేదు. ఎవరైనా పిలిస్తే పొయ్యి మీద పాలున్నాయనేవాణ్ణి.

మా పాస్టరు గారు మంచి మనిషి. మొదట ఈ కూటం ఆయనకు నచ్చలేదు. ఒకరోజు వచ్చి, వీళ్ళు వాక్యానికి వస్తున్నారో కాఫీకి వస్తున్నారో అర్థం కావడం లేదమ్మా అన్నారు. ఆమె ఆయనకూ ఒక గ్లాసు ఇప్పించి, "కాఫీకి వచ్చినా పర్లేదండీ. ప్రభువు కూడా రొట్టెలకి వచ్చినోళ్ళని తరమలేదు కదా" అంది. ఆయన కాఫీ తాగి వెళ్ళారు. రెండునెలల తర్వాత డబ్బాలో ఆయన చేతిరాతతో ఒక చీటీ వచ్చింది. చేతిరాత గుర్తుపట్టి ఆమె ఆ చీటీని చదివేముందు కొత్త కాగితం మీద తిరగరాసుకుంది. కూటంలో ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే పాస్టరు గారి అనుమతి తీసుకునే.

*

ఆమె చేసిన తప్పు గురించి చెప్పాలి. ఆమే అందరికీ చెప్పుకునేది.

పొయ్యిగది ఆయన గురించి చెప్పిన రోజు. చలిదేశంలో ఒకాయన వెచ్చని గదిలో తలుపు వేసుకుని కూర్చుని, తనకు తెలుసనుకున్నవన్నీ ఒక్కొక్కటీ ప్రశ్నించి పక్కన పెట్టాడు. కంటికి కనబడేది కల కావచ్చు, చెవికి వినబడేది మోసం కావచ్చు. చివరికి ఆలోచిస్తున్న తానొక్కడే మిగిలాడు. ఆ గట్టినేల మీదనుంచి మిగతావన్నీ తిరిగి కట్టాలనుకున్నాడు. ఇది చెప్పడానికి ఆమె నల్లబోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది. అనుమానం. కింద గీత గీసింది. నిజం కావాలంటే మొదట అన్నిటినీ అనుమానించాలి, అందర్నీ అనుమానించాలి అని చెప్పింది. తర్కం చెప్పినవాళ్ళకు అది చాలా మర్యాదైన మాట. పొగను చూసి నిప్పుందని తెలుసుకోవడం కూడా తర్కంలో అనుమానమే.

ముసలామెకు చదవడం రాదు. మాట మాత్రం విన్నది. గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళిపోయింది. నా భార్య పాఠం ఆపలేదు. కానీ చేతిలో సుద్దముక్క రెండుసార్లు విరిగింది.

అందరూ వెళ్ళాక గ్యాంగ్‌మన్ ఆగి మాకు సంగతి చెప్పాడు. చాలా ఏళ్ళ కిందట ముసలామె ఊళ్ళో ఒక బిడ్డ జ్వరంతో పోయింది. చిల్లంగి పెట్టిందని, అంటే చేతబడి చేసిందని, ముసలామె మీద అనుమానం వచ్చింది. ఎవరూ ఇది నిజమా అని అడగలేదు. అనుమానం అన్న మాట ఇంటింటికీ తిరిగింది. భర్త అప్పటికే పోయాడు. ఆమె ఒక కుండ, ఒక గొడ్డలి తీసుకుని రెండు కొండలు దాటి ఇటు వచ్చేసింది. కొండల్లో ఆ మాటకు అర్థం అది. ఇక్కడే పుట్టిన నా భార్యకు అది తెలుసు. చదువుకున్న మాట నోట్లోకి వచ్చేసరికి తెలిసిన మాట మరిచిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఆమె గుడిసెకు నడిచాం. ముసలామె వాకిట్లో కూర్చుని ఎండుకొమ్మలు విరుస్తోంది. మమ్మల్ని చూసి కూడా ఆపలేదు. నా భార్య ఎదురుగా నేలమీద కూర్చుంది.

"తప్పు మాట వాడేను మామ్మా."

"మాటదేటి తప్పు" అంది ముసలామె. "ఆ మాటతోటే నన్ను ఊరు దాటించేరు. దేవుడి ఇంటికాడ కూడా అదే మాట ఇనాల్సొచ్చినాది."

నా భార్య తనూ ఒక కొమ్మ తీసుకుని విరవడం మొదలుపెట్టింది. నేను నిలబడి ఉన్నాను. ఓ పావుగంట కొమ్మలు విరిగే చప్పుడే. అప్పుడు ముసలామే అడిగింది.

"ఇంతకీ ఆ తెల్లోడు గదిలో ఒక్కడూ కూకోని ఏటి సేసేడు?"

నా భార్య మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఈసారి అనుమానం అనలేదు. చలిదేశం, తలుపేసిన గది, ఎర్రగా మండే పొయ్యి, అన్నీ పక్కన పెడితే తానొక్కడే మిగలడం.

ముసలామె అంతా విని, "మరి ఆడి పొయ్యిలోకి కట్టెలెవులు తెచ్చేరు?" అంది.

నా భార్య ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ముసలామె ముందు బిత్తరపోయి, తర్వాత తనూ నవ్వింది. దిగి వచ్చేటప్పుడు నా భార్య నాకన్నా ముందు నడిచింది. ఇంటికి వచ్చి నోట్సులో ఆ పాఠం మొత్తం కొట్టేసి మళ్ళీ రాసింది.

ఆ నోట్సు నా ముందు ఉంది. అందులో ఆమె రాసింది క్లుప్తంగా ఇది. సందేహం, అనుమానం ఒకటి కాదు. సందేహం మనం మన మీద వేసుకునేది, అనుమానం ఎదుటివాళ్ళ మీద వేసేది. సందేహం ఉన్నవాడు అడుగుతాడు. అనుమానం ఉన్నవాడు అడగడు, అతనికి అప్పటికే తెలుసు. పొయ్యిగది ఆయన నిజాయితీపరుడు. ఆయన ధైర్యం మనకు కావాలి. ఆయన గది అక్కర్లేదు. తలుపు వేసుకుని వెతికితే తానొక్కడే దొరకడంలో వింత లేదు. కానీ ఆయన ఆలోచన మొదలుపెట్టకముందే ఎవరో కట్టెలు కొట్టారు, మోశారు, పొయ్యి వెలిగించారు. మనం మనల్ని తెలుసుకోకముందే మనల్ని ఎరిగినవాళ్ళున్నారు. ఎవరి పేరూ వాళ్ళు పెట్టుకున్నది కాదు. ఒకరు పిలిస్తే మనం పలికాం. మొట్టమొదట పిలిచినవాణ్ణి నేను దేవుడంటాను. ఈ చివరి వాక్యం కింద ఆమె చిన్నగా ఇలా రాసుకుంది: ఇది రుజువు కాదు. రుజువని ఎవరికీ చెప్పకూడదు.

తర్వాతి ఆదివారం బోర్డు మీద పాత మాట తుడిచి సందేహం అని రాసింది. ముసలామె ముందు నిలబడి, పోయినవారం తను తప్పు చెప్పానని అందరికీ చెప్పింది. ముసలామె ఆ రోజు డబ్బాలో ఒక పుల్ల వేసింది. రాయడం రాదు కాబట్టి ఆమె సందేహానికి గుర్తు పుల్ల. చీటీల మధ్య పుల్ల తగిలితే నా భార్య ఆమెవైపు చూసేది, ఆమె నోటితో అడిగేది. ఆ రోజునుంచి మా ఇంట్లో ఏ గొప్ప ఆలోచన గురించి చెప్పుకున్నా చివర ఎవరో ఒకరు అడిగేవారు, కట్టెలు ఎవరు తెచ్చారని. ఇంట్లో మా ఇద్దరికీ అదే పరిహాసం. నేను పొయ్యిలోకి కట్టెలు తెచ్చినప్పుడల్లా ఆమె, "ఏ తత్వవేత్తకండీ" అనేది.

*

మిగతావాళ్ళ గురించి కూడా కొంచెం చెప్పాలి.

గడియారం ఆయన రోజూ ఒకే వేళకు నడకకు వెళ్ళేవాడని, ఊరివాళ్ళు ఆయన్ని చూసి టైము సరిచేసుకునేవారని చెప్పింది. కిరండూల్ పాసింజరు కన్నా నయం అన్నాడు గ్యాంగ్‌మన్. మనిషి బుద్ధితో దేవుణ్ణి రుజువు చెయ్యలేం, లేడనీ రుజువు చెయ్యలేం అని ఆయన చెప్పినదానికి కొందరు నొచ్చుకున్నారు. బుద్ధి ఎంతదాకా పోగలదో చెప్పినవాడు మనకు మేలే చేశాడని ఆమె అంది. అవతల ఉన్నది నమ్మకానికి వదిలాడు కదా.

దేవుడు చచ్చిపోయాడన్న ఆయన్ని, అదే శుక్రవారం ఆయన్ని, గుడ్ ఫ్రైడే వారంలో చెప్పింది. కావాలనే ఆ వారం పెట్టింది. గదిలో ఎవరూ కదల్లేదు. "ఈయన్ని సూసి భయపడకండి. శుక్రవారం మనం సెప్పేదే ఈయనా సెప్పేడు. ప్రభువు లేసిన ఆదివారం దాకా ఆగనేదు, అంతే" అంది. ఆ శుక్రవారం పాస్టరు గారి ప్రసంగంలో ఈ మాట యథాతథంగా వచ్చింది. ఎవరిదో ఆయన చెప్పలేదు. ఆమె బెంచీ మీద తల వంచుకుని నవ్వు ఆపుకుంది.

గ్యాంగ్‌మన్ చీటీ ఒకటి నాకు గుర్తుండిపోయింది. అన్నీ దేవుడు ముందే రాసేస్తే, ముప్పైఏళ్ళు వానలో నిలబడి ఎర్రజెండా నేనెందుకు ఊపేను? దానికి ఆమె లేచి నిలబడింది. తెలీదంది. కూర్చున్నాక, కానీ నువ్వు ఊపావు కాబట్టి చాలామంది ఇంటికి చేరారు, నాకు అది తెలుసు అంది. ఆయన మొదటి గ్లాసు చేతిలో పట్టుకుని చల్లారేదాకా తాగలేదు.

నా భార్య పెన్సిలు ఎప్పుడూ జుట్టుముడిలో గుచ్చుకునేది. దాని కోసం ఇల్లంతా వెతికేది. నేను చెప్పేవాణ్ణి కాదు, ఎంతసేపటికి దొరుకుతుందో చూసేవాణ్ణి. ఆఖరి నెలలో జుట్టు పలచబడి ముడి నిలవలేదు. పెన్సిలు దిండు కింద పెట్టుకుంది. ఇప్పుడు నా జేబులో ఉంది.

*

సమాధి దగ్గర పాస్టరు గారు బాగా మాట్లాడారు. మళ్ళీ కలుసుకుంటామన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. అనకూడదని కాదు. నోరు తెరిచాను, గెడ్డలో అన్న మాట గుర్తొచ్చింది. ఆమెకు వీడ్కోలు చెప్పేటప్పుడు మళ్ళీ అదే పని చెయ్యలేకపోయాను. ముసలామె నా పక్కన నిలబడి ఉంది.

మొదటి ఆదివారం కూటం లేదని చెప్పాను. పోయిన ఆదివారం కూడా లేదన్నాను. అయినా ముసలామె వచ్చింది. నెత్తిమీద కట్టెలమోపు తెచ్చింది. పెరట్లో దించి, గుమ్మం పక్కన ఉన్న మూడు కట్టెల్ని చూసింది. అవి అక్కడెందుకున్నాయని అడగలేదు. లోపలికి వచ్చి తను ఎప్పుడూ కూర్చునే చోట గోడకు ఆనుకుని కూర్చుంది. నేను కాఫీ పెట్టి ఇచ్చి నా అలవాటు ప్రకారం గుమ్మంలో నిలబడ్డాను.

"వచ్చే ఆదివారం కూకుంటామా బాబూ?"

చెప్పేమనిషి లేదు కదా అన్నాను.

"డబ్బా ఉన్నాది. నా పుల్ల ఉన్నాది అందులో."

అదేం సందేహమో చెప్పమన్నాను.

"నీ గురించే. కాఫీ పోసినోడు ఎప్పుడూ గుమ్మంలోనే ఉండిపోతాడేటి, లోపలికొచ్చి కూకోడేటి అని."

ఆమె కాఫీ ఊదుకుంటూ, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"మొన్న సమాధి కాడ నువ్వు ఆమెన్ అననేదు. నాను ఇన్నాను. దానికేటి గానీ, నీ సంగతి ఆ అమ్మకి తెలుసు బాబూ. ఓరోజు కొమ్మలిరుస్తా నాతో సెప్పినాది. సలిలో పళ్ళు టకటకలాడతా నమ్ముతున్నాను అన్నాడు మామ్మా, ఆ మాట నా కోసం అన్నాడు, దేవుడి కోసం కాదు, నాకు ఒడ్డు మీదే తెలిసిపోనాది అంది. మరి ఏటి సేసేవమ్మా అన్నాను. తువ్వాలిచ్చేను అంది."

ముసలామె గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

నేను అప్పుడు లోపలికి వచ్చి కూర్చున్నాను.

నా మాట అబద్ధమని ఆమె మొదటిరోజే ఎరుగును. ఎరిగీ ముప్పైనాలుగేళ్ళు ఒక్కసారి కూడా నన్ను అనుమానించలేదు. అడగడానికి మాత్రం నా కోసం ఒక డబ్బా పెట్టింది. ఆదివారం మీద ఆదివారం దాన్ని నా ముందే తెరిచింది. చివరిరోజు నోరు తెరిచి అడిగింది. నేను లేదన్నాను. ఆ ఒక్క జవాబు వెనక్కి తీసుకునే వీలుంటే తీసుకునేవాణ్ణి.

ఈ వారమంతా ఒక చీటీ రాస్తున్నాను. లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి తక్కువ మాటల్లో రాయడం తెలుసు. అయినా ఏడెనిమిది కాగితాలు చింపాను. చివరికి నిలిచింది ఇది: గెడ్డలో నేనన్న మాట అబద్ధం. ఇప్పుడు అది నిజమైతే బాగుండునని ఉంది. అలా అనిపించడం నమ్మకం అవుతుందా?

ఆమె ఉంటే లేచి నిలబడేదేమో. కూటంలో ఎవరు నిలబడతారో తెలీదు. నేనైతే నిలబడతాను.

ఈ రోజు శనివారం. అందరికీ కబురు చేశాను. పాస్టరు గారు కూడా వస్తానన్నారు. మొదటి గ్లాసు నాకు వస్తే పొయ్యడానికి ముసలామె ఒప్పుకుంది. మరీ పల్చగా పోస్తుందని గ్యాంగ్‌మన్ ముందే గొణుగుతున్నాడు.

ఆ రోజు తెచ్చిన మూడు కట్టెలు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. రేపు ఉదయం చీటీ డబ్బాలో వేసి, వాటితో పొయ్యి వెలిగిస్తాను.